ఆమూరునదీతీరమున ఇరుగుపొరుగులు

ఆసియాఖండపు ఈశాన్యభాగమున రుష్యా చీనా దేశముల నడుమ ఆమూరు అను మహానది ప్రవహించుచున్నది. షిల్కా, అర్గూన్ అను రెండేఱులు కలిసి యీ పేరు దాల్చిన తావు మొదలుకొని సముద్రమున గలియువఱకు దీని నిడివి రమారమి 2,800 కిలోమీటరులు. అనగా మన గోదావరికి ఇంచుమించు రెండింతలు. చీనావారు దీనిని హైలుంగ్‌జియాంగ్ అందురు. నల్లని మహానాగము వంటి నది యని ఆ మాటకు అర్థము. వారి నాగము కేవలము భయపెట్టు జంతువు కాదు. మన నాగదేవతవలె నీటికిని వానకును సంబంధించిన దైవము. ఈ రెండు దేశములకును గల యెల్ల సుమారు 4,200 కిలోమీటరులు కాగా, అందు పెద్దపాలు ఈ ఆమూరును, దాని ఉపనదులును గీసిన గీతయే.

ఈ నదికి ఉత్తరపు గట్టున రుష్యావారి బ్లాగొవేష్చెన్‌స్క్ పట్టణమును, దక్షిణపు గట్టున చీనావారి హైహ పట్టణమును ఎదురెదురుగా నున్నవి. నడుమ నీరు కిలోమీటరు వెడల్పైనను లేదు. ఒక గట్టున దీపములు వెలిగించినచో రెండవ గట్టువారి కిటికీలలోనికి వెలుగు కనబడును. ఇంత చేరువనున్నను ఒక గట్టున ఎనిమిది గంటలు కొట్టునప్పటికి ఎదుటి గట్టున ఏడు గంటలే. గడియారములు రెండు రాజధానుల ఆజ్ఞలను అనుసరించుచున్నవి గాని సూర్యుని కాదు. వేసవిలో జనులు పడవలపై దాటుదురు. కార్తికమాసము కడచునప్పటికి నది గడ్డకట్టును. అప్పుడు గాలిదిండుపై జారిపోవు పడవలును, మంచుపై నడచు బస్సులును ప్రజలను దాటించెడివి. చైత్రము దాటినగాని మంచు విడదు.

వార్తాపత్రికలలో రుష్యా చీనాల ఆర్థికసహకారమనియు, వ్యూహాత్మక భాగస్వామ్యమనియు తఱచుగా వ్రాయుచున్నారు. ఇవి మగవారు వీధియరుగులపై కూర్చుండి చర్చించుకొను పెద్దమాటలని మనము పుట త్రిప్పివేయుట కలదు. కాని ఇరుగుపొరుగు సంగతి మనకు తెలిసినంతగా మఱి యెవరికి తెలియును? గోడకు ఇరువైపుల నున్న రెండు సంసారములు ఎట్లు కలియునో, ఎట్లు విడిపోవునో, ఇచ్చిపుచ్చుకొనుటలో ఎక్కడ చిక్కు వచ్చునో గృహిణులు నిత్యము చూచుచునే యున్నారు. కావున ఈ మహారాజ్యముల మైత్రిని రాజధానుల నుండి కాక ఈ నదిగట్టు నుండి చూడవలెనని మేము తలంచితిమి. వియ్యమునకైనను కయ్యమునకైనను సముడు కావలెనని మన పెద్దలందురు. ఆ యొక్క మాట ఈ నది చరిత్రకు తాళపుచెవి వంటిది.

రుష్యావారు మొదట ఈ ప్రాంతమునకు వచ్చినది భూమికొఱకు కాదు, జంతువుల మెత్తని తోళ్లకొఱకు. 17వ శతాబ్దమున కసాకులను గుఱ్ఱపుదళములవారు సైబీరియా అడవులను దాటివచ్చి ఆమూరు తీరమున కోటలు కట్టిరి. అప్పుడు చీనాను ఏలుచుండినవారు మంచూలు. ఈ నదీతీరములు వారి పుట్టినింటి పొలిమేరలు. యుద్ధమైనది, ముట్టడులైనవి, తుదకు 1689లో నెర్చిన్‌స్క్ అనుచోట సంధి కుదిరినది. ఐరోపా రాజ్యముతో చీనా చక్రవర్తి చేసికొన్న మొదటి సంధి యిది. ఒకరి భాష యొకరికి రాదు. అందుచేత చీనా పక్షమున నుండిన క్రైస్తవగురువులు మధ్యవర్తులై సంధిపత్రమును ఇరువురిదియు కాని లాటినుభాషలో వ్రాసిరి. అప్పటికి ఇరుపక్షముల బలమును ఇంచుమించు సరితూగుచుండెను. అందుచేతనే కాబోలు ఆ సంధి నూట అఱువది యేండ్లకు పైగా నిలిచినది.

సంధి నిలిచినచోట సంత వెలయును. 1727లో కుదిరిన మఱియొక ఒడంబడికవలన, ఆమూరునకు చాల పడమరగా, బైకాలు సరస్సునకు దక్షిణమున క్యాహ్తా అను సరిహద్దు గ్రామమున వర్తకము మొదలైనది. దాని కెదురుగా చీనావారు కట్టుకొన్న ఊరిపేరు మైమైచెంగ్, అనగా కొనుట అమ్ముటల పట్టణము. చాలకాలము వఱకు అక్కడ నాణెములతో పనిలేదు. సరకునకు సరకే వెల. రుష్యావారు జంతువుల తోళ్లు తెచ్చుచుండిరి. చీనావారు పట్టు, నూలుబట్ట, తేయాకు తెచ్చుచుండిరి. ఇటుకలవలె అచ్చువేసిన తేయాకు మంగోలులకును సైబీరియావారికిని నాణెము బదులుగా చెల్లెడిది. ఆ సంతలో ఒక విశేషము కలదు. మైమైచెంగ్‌లో స్త్రీలు నివసింపరాదని చీనా ప్రభుత్వపు శాసనము. వర్తకులందఱును పురుషులే, భార్యాబిడ్డలు వందల ఆమడల దూరమున స్వగ్రామములలో నుండిరి. సరకులు కలిసిన వేగమున మనుష్యులు కలియరాదని ప్రభువుల భయము.

ఒంటెలపై గోబీ యెడారిని దాటి వచ్చిన ఆ తేయాకే రుష్యావారి యింటింట సమోవారు అను నీళ్ల కొలిమిలో మఱగినది. వారును దానిని చాయి అనియే పిలుతురు. మన దేశమున నొక వింత చూడుడు. భూమార్గమున ప్రయాణము చేసిన చాయ అను మాట పారసీకుల మీదుగా వచ్చి తెలంగాణమున నిలిచినది. చీనా రేవుల నుండి ఓడలపై వెడలిన తే అను మాట ఐరోపావారి నోట మాఱి సముద్రతీరపు జిల్లాలలో టీ యైనది. మన తేయాకు అను మాటలోను అదియే యున్నది. హైదరాబాదు వారి చాయకును, మాస్కో వారి చాయికిని మూలము ఒక్కటే.

ఇంతవఱకు మిత్రలాభము. ఇక మిత్రభేదమునకు వత్తము.

19వ శతాబ్దపు నడుమ చీనారాజ్యము లోపల తైపింగ్ తిరుగుబాటుచేతను, వెలుపల ఆంగ్లేయులతోను ఫ్రెంచివారితోను వచ్చిన యుద్ధముచేతను కృశించియుండెను. ఆ సమయము కనిపెట్టి, తూర్పుసైబీరియా పాలకుడైన మురవ్యోవ్ సైన్యముతో నదిపై దిగివచ్చి, 1858లో ఐగున్ అను గ్రామమున కొత్త సంధి వ్రాయించుకొనెను. ఆమూరు ఉత్తరపు గట్టు, 6 లక్షల చదరపు కిలోమీటరులకు పైబడిన నేల, రుష్యావారి వశమైనది. రెండేండ్లకు 1860లో ఉసూరి నదికి తూర్పున నున్న సముద్రతీరమును వారిదే యైనది. యుద్ధము లేదు, ఓటమి లేదు. బలవంతుడు గీతను జరిపినాడు, బలహీనుడు చేవ్రాలు చేసినాడు. 1858లోనే ఈ గట్టున రుష్యావారు తమ కొత్త పట్టణమునకు బ్లాగొవేష్చెన్‌స్క్ అని పేరిడిరి. మేరీమాతకు దేవదూత తెలిపిన శుభవార్త అని దాని యర్థము. ఒక గట్టువారికి శుభవార్త రెండవ గట్టువారికి ఎటువంటి వార్తయో వేఱుగ చెప్పనక్కరలేదు.

ఆ పట్టణమున చీనావారును కాపురముండి కూరగాయలు పండించుచు, అంగళ్లు పెట్టుకొనుచు, ఇండ్లలో పనులు చేయుచు జీవించుచుండిరి. 1900వ సంవత్సరమున చీనాలో విదేశీయులపై బాక్సరుల తిరుగుబాటు రేగినది. జూలై నెలలో దక్షిణపు గట్టునుండి ఫిరంగులు మ్రోగినవి. భయభ్రాంతులైన రుష్యా అధికారులు పట్టణములోని చీనావారి నందఱిని వెడలగొట్టుడని ఆజ్ఞాపించిరి. దాటించుటకు పడవలు లేవు. ఆయుధములు చూపి వారిని ప్రవాహములోనికి తఱిమివేసిరి. స్త్రీలు, శిశువులు, వృద్ధులు అనక కొన్నివేలమంది ఆ నల్లని నీటిలో మునిగిపోయిరి. నిన్నటివఱకు కూర తెచ్చి యిచ్చినవాడు, బట్ట ఉతికి పెట్టినవాడు నేడు శత్రువైనాడు. ఐగున్ గ్రామమున చీనావారు నెలకొల్పిన చరిత్ర ప్రదర్శనశాలలో ఈ ఘోరమును నేటికిని చూపుచున్నారు. వర్తకపు లెక్కలలో ఈ యంశము కనబడదు గాని నదిగట్టు వారి మనస్సులలో చెఱగిపోలేదు.

చిత్రమేమన, ఆ దినములలోనే రుష్యావారు చీనా నేలపై రైలుమార్గము వేయుచుండిరి. దానికొఱకు 1898లో వెలసిన హార్బిన్ అను నగరమున రుష్యా కుటుంబములు వేలకొలది స్థిరపడినవి. వారి గోపురముల దేవాలయము నేటికిని ఆ నగరమునకు అలంకారముగ నున్నది. రుష్యా గృహిణులు చేయు పెద్ద పులియబెట్టిన రొట్టె చీనావారికి నచ్చి, ఖ్ల్యెబ్ అను రుష్యామాట వారి నోట లియెబా యై నిలిచినది. రాజులు విడిపోయినను రొట్టె విడిపోలేదు.

1949లో చీనాయును సామ్యవాద రాజ్యమైనది. 1950 ఫిబ్రవరి 14న మాస్కోలో మైత్రీసంధి వ్రాసికొనిరి. సోవియట్టు ప్రభుత్వము నూటికి ఒక్కటి వడ్డీపై 30 కోట్ల డాలర్లు అప్పిచ్చినది. 156 పెద్ద నిర్మాణముల కార్యక్రమమున యంత్రములను, నిపుణులను పంపినది. చీనావారు రుష్యాను అన్నగారని పిలిచిరి. కాని అన్నదమ్ముల నడుమ పెత్తనపు జగడము రాక మానునా? 1960లో వేయిమందికి పైబడిన రుష్యా నిపుణులు కట్టడములు సగములో నుండగనే పటములు చుట్టుకొని మరలిపోయిరి. 1969 మార్చిలో ఉసూరి నదిలోని యొక చిన్న దీవికై ఇరువురి సైనికులును ప్రాణములు విడిచిరి. హైహకును బ్లాగొవేష్చెన్‌స్క్‌కును నడుమ రాకపోకలు నిలిచిపోయినవి. కిలోమీటరైనను లేని నీరు మహాసముద్రమైనది.

ఆ మౌనమును విడగొట్టినది రాయబారులు మాత్రమే కాదు. ఒక పడవెడు పుచ్చకాయలు. 1980ల చివర హైహవారు తమ పొలములలో పండిన పుచ్చకాయలను పడవకెత్తి ఆవలిగట్టునకు పంపి, వాటికి బదులుగా సోవియట్టువారి యెరువును తెచ్చుకొనిరి. క్యాహ్తాలోవలె మరల సరకునకు సరకే. 1989 మే నెలలో గోర్బచేవు పెకింగు నగరమునకు వచ్చుటతో రాజధానుల తలుపులును తెఱచుకొన్నవి.

1991లో సోవియట్టు రాజ్యము విచ్ఛిన్నమైనది. ఆ పిమ్మట వచ్చిన కఱవు దినములను ఆ గట్టున భరించినవారు ముఖ్యముగ స్త్రీలు. ఉపాధ్యాయినులకు, దాదులకు, కార్ఖానా గుమాస్తాలకు నెలల తరబడి జీతములు రాలేదు. బిడ్డలకు తిండి పెట్టవలెను. వారు నది దాటి హైహకు పోయి చౌక చొక్కాలు, చెప్పులు, దుప్పట్లు గోతములకెత్తుకొని తెచ్చి సంతలలో అమ్ముకొనిరి. ఇట్టివారిని రుష్యాభాషలో చెల్నోకులందురు. చెల్నోకు అనగా మగ్గమునందలి నాడె. పడుగు నడుమ నిటునటు తిరిగి పేకను నేయునట్లు ఈ స్త్రీలును రెండు గట్ల నడుమ తిరిగిరి. సుంకము లేక ఒక మనిషి మోసికొని రాదగిన బరువు ఇంత యని ప్రభుత్వము హద్దు పెట్టినది. 50 కిలోలున్న ఆ హద్దును 2006లో 35 కిలోలకు తగ్గించినది. వర్తకులు కూలికి మనుష్యులను కుదుర్చుకొని తలకొక మూట చొప్పున మోయించిరి. మూటలు మోయు ఈ వర్తకులకు బ్లాగొవేష్చెన్‌స్క్‌లో ఒక విగ్రహము కలదు. సేనాపతులకును మంత్రులకును విగ్రహము లెత్తుట లోకమున సామాన్యమే. సంసారము నీడ్చుటకై గోతము మోసినవారికి విగ్రహమెత్తిన ఊరు అరుదు. ఆర్థికసహకారమను మాటకు నిజమైన పునాది వేసినది వీరేయని మా యభిప్రాయము.

దొరతనములు తరువాత వచ్చినవి. 1991లో కుదిరిన ఒడంబడికతో మొదలై, 2004లోని మఱియొకదానితో ముగిసి, సరిహద్దు తగవు పరిష్కారమైనది. ఆమూరు ఉసూరి నదుల సంగమమున నున్న పెద్దదీవిని ఇరువురును పంచుకొనగా 2008లో రాళ్లు పాతుట పూర్తియైనది. దాయభాగము తేలినగాని ఇరుగుపొరుగుల నడుమ మాట కలియదు గదా! 1996లో తమ సంబంధమునకు వ్యూహాత్మక భాగస్వామ్యమని పేరిడుకొనిరి. 2001 జూలై 16న ఇరువదియేండ్ల సత్సంబంధపు సంధి వ్రాసికొని, 2021లో దానిని మఱి యైదేండ్లు పొడిగించిరి. భాగస్వామ్యమనగా పొత్తు మాత్రమే. ఒకరి యుద్ధమున రెండవవారు కత్తిపట్టి తీరవలెనను నియమము ఇందు లేదు.

ఇక నదిపై కంటికి కనబడు గుఱుతులు చెప్పెదము. హైహ దరిదాపున ఆమూరు గర్భము క్రింద ఇనుపగొట్టములు సాగుచున్నవి. సైబీరియా భూగర్భమునుండి వచ్చు వంటగ్యాసు వంటి సహజవాయువు వానిగుండ చీనాకు పోవుచున్నది. 2014 మే నెలలో ముప్పదియేండ్లకు కుదిరిన బేరమిది. ఏటికి 3,800 కోట్ల ఘనపు మీటరులు దాని కొలత. 2019 డిసెంబరు 2న వాయువు ప్రవహింప మొదలిడినది. 2011 మొదలు ముడినూనె యును మఱియొక గొట్టమున దక్షిణమునకు ప్రవహించుచున్నది. 2022 జూన్ 10న రెండు పట్టణముల నడుమ వంతెన తెఱచిరి. దానిని కట్టుదమని 1995లోనే ఒప్పుకొని, 2016లో పని మొదలిడిరి. దిగువన టుంగ్‌జియాంగ్ వద్ద కట్టిన రైలువంతెన కథ మఱింత చమత్కారము. పొడవైన తమ భాగమును చీనావారు ముందుగా పూర్తిచేసి, చిన్నదైన రుష్యాభాగము వచ్చి కలియుటకై కొన్ని యేండ్లు వేచియుండిరి. నడినీటిలో నిలిచిపోయిన ఆ వంతెన 2022 నవంబరులో గాని రైలును మోయలేదు. రుష్యా పట్టాల వెడల్పు 1,520 మిల్లీమీటరులు, చీనా పట్టాలది 1,435. ఆ వంతెనపై రెండు కొలతల పట్టాలను పఱచిరి.

వంతెనలు తెఱచిన యేడు గమనింపదగినది. 2022 ఫిబ్రవరి 4న తమ స్నేహమునకు హద్దులు లేవని ఇరువురు దేశాధిపతులును ప్రకటించిరి. ఇరువది దినములకు రుష్యాసేన ఉక్రేనులో ప్రవేశించినది. పాశ్చాత్యదేశములు రుష్యాతో వర్తకమును బంధించినవి. పడమటి తలుపు మూసినప్పుడు తూర్పు తలుపే దిక్కైనది. రుష్యా నూనె, బొగ్గు, కలప, సోయాగింజలు చీనాకు; చీనా మోటారుకార్లు, యంత్రములు, దూరశ్రవణములు రుష్యాకు. 2024లో ఈ వర్తకపు మొత్తము 24,500 కోట్ల డాలర్లకు చేరువైనది. అందు పెద్దపాలు డాలరులలో గాక రూబులు, యువానులలోనే చెల్లినది. 2025 సెప్టెంబరు 15 మొదలు ఒక యేడు ప్రయోగముగా చీనాప్రభుత్వము రుష్యావారిని వీసా లేక రానిచ్చినది. డిసెంబరున రుష్యావారును అట్లే చీనావారికి తలుపు తెఱచిరి.

కాని తక్కెడ ముల్లును చూడుడు. 2024లో చీనాచేయు సమస్త విదేశవర్తకమున రుష్యా పాలు నూటికి నాలుగు మాత్రమే. రుష్యా వర్తకమున చీనా పాలు ఇంచుమించు మూడవవంతు. ఒకరికి ఇది పదిమంది బేరగాండ్రలో ఒకరితో బేరము. మఱియొకరికి ఇల్లు గడచు దారి. నాడు అన్నగారు రుష్యా, తమ్ముడు చీనా. నేడు పీటలు మాఱినవి. నదిగట్టుననే ఈ సంగతి కొట్టవచ్చినట్లు కనబడును. దక్షిణపు గట్టు రాష్ట్రమున 2020 లెక్కలలో 3 కోట్లకు మించిన జనము. ఉత్తరపు గట్టు ఆమూరు రాష్ట్రమున 8 లక్షలకు తక్కువ. దక్షిణపు గట్టు రాష్ట్రమును పదియేండ్లలో 60 లక్షలకు పైగా జనమును కోల్పోయిన మాటయు నిజమే. అయినను ఎదుటి గట్టున నున్న జనసముద్రమును తలంచుకొని రుష్యావారిలో కొందఱు లోలోపల జంకుట కలదు.

మనకేమి యని యెవరైన నడుగవచ్చును. మనకును కలదు. చీనా మన పొరుగుదేశము. 1962లో దానితో యుద్ధము వచ్చినది, 2020లో గల్వాను లోయలో మన సైనికులు ప్రాణములర్పించిరి. రుష్యా పాతమిత్రము, 1971లో మనమును వారితో మైత్రీసంధి చేసికొంటిమి, 2022 తరువాత వారి ముడినూనెను మన దేశమును విరివిగ కొన్నది. పొరుగురాజు సహజశత్రువు, వాని కావలిరాజు సహజమిత్రుడు అని కౌటిల్యుని మండలసిద్ధాంతము. ఆ లెక్కన మన మిత్రుడు మన పొరుగువానితో భుజము కలుపుట మనము ఊరక చూడదగిన విషయము కాదు. అయితే కౌటిల్యుడే దూరపు బలవంతుని భయము ఇరుగుపొరుగులను కలుపుననియు నెఱిగినవాడు. అమెరికా భయము రుష్యా చీనాలను కలిపినది. భయము కలిపిన చేతులు భయము తీఱినపిదప ఎట్లుండునో కాలమే చెప్పవలెను.

సోదరీమణులారా, వంతెన యెంత బలమైనదైనను మైత్రికి అది సాక్ష్యము కాదు. అక్కఱకు మాత్రమే సాక్ష్యము. 1689లో తక్కెడ సరిగా నున్నప్పుడు గీసిన గీత నిలిచినది. 1858లో తక్కెడ ఒకవైపు వంగగనే బలవంతుడు గీతను జరిపినాడు. నేడు తక్కెడ రెండవవైపు వంగినది. గొట్టముల వాయువునకు వెల నిర్ణయించుటలో, దీవుల గుఱించియు పాత పటముల గుఱించియు మాటాడుటలో, గోతము మోసికొని వచ్చిన బీదరాలితో సుంకపు కచేరిలో ప్రవర్తించుటలో నేటి బలవంతుడు నాటి బలవంతునికంటె మేలైనవాడని తేలిననాడు ఇది స్నేహమని మనము నమ్మవచ్చును. అంతవఱకు దీనిని మంచి బేరమనియే యెన్నుకొందము. మంచి బేరమును తక్కువది కాదు. పుచ్చకాయలకు ఎరువు దొరికిన కాలము, గట్టుపై తుపాకులు నిలిచిన కాలముకంటె ఆ యిరుదరుల తల్లులకు వేయిరెట్లు మేలు గదా!